మధుమేహ పుండ్లకు మూలకణ చికిత్స: మెరుగుదలను దేనితో కొలవాలి?

మధుమేహం ఉన్నవారిలో 19 నుంచి 34 శాతం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు పాదాల్లో పుండు పడవచ్చని 2017లో వెలువడిన ఒక సమీక్ష అంచనా వేసింది. మానిన పుండ్లలో సుమారు 40 శాతం ఏడాదిలోపే తిరగబెడుతున్నాయని కూడా అది తెలిపింది. స్పర్శ తగ్గడం, రక్తప్రసరణ సన్నగిల్లడం, వాపు చల్లారకపోవడం ఇందుకు ముఖ్య కారణాలు. మూలకణ చికిత్సపై ఆశలు పుట్టింది ఇక్కడే.

ఎముక మజ్జ, కొవ్వు, బొడ్డుతాడు నుంచి తీసే మీసెన్‌కైమల్ మూలకణాలు పుండులో కొత్త చర్మంగా మారడం తక్కువే. అవి స్రవించే ప్రోటీన్లు కొత్త రక్తనాళాలను ప్రేరేపిస్తాయి, వాపు పెంచే మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలను మరమ్మతు వైపు మళ్లిస్తాయి. చిక్కేమిటంటే, ఆక్సిజన్ కొరవడిన పుండులో ఈ కణాలు ఎక్కువ రోజులు బతకవు. రోగి సొంత కణాలే వాడితే, దీర్ఘకాల మధుమేహం వాటి సత్తువను ముందే తగ్గించి ఉండవచ్చు.

అందుకే పరిశోధన మూడు దారుల్లో సాగుతోంది. ఆరోగ్యవంతులైన దాతల కణాలు వాడటం మొదటిది. తక్కువ ఆక్సిజన్‌లో పెంచి కణాలను ముందే రాటుదేల్చడం రెండోది. కొల్లాజెన్ వంటి పదార్థాలతో చేసిన హైడ్రోజెల్‌లో వాటిని నిలిపి ఉంచడం మూడోది. రెండో దారికి ఆధారాలు ఎక్కువగా ఎలుకలవే. ఎలుక గాయం ప్రధానంగా చర్మం ముడుచుకోవడం వల్ల మూసుకుంటుంది, మనిషి గాయం కొత్త కణజాలం పెరిగి మానుతుంది. గాయం అంచులను వలయంతో బిగించి ముడుచుకోకుండా ఆపని ప్రయోగాల ఫలితాలను జాగ్రత్తగా చదవాలి.

మనుషుల్లో ఆధారాలు కొద్దిగానే ఉన్నాయి. 2011లో చైనాలో 41 మందిపై జరిగిన అధ్యయనంలో, మజ్జలోని మిశ్రమ కణాలకంటే ప్రయోగశాలలో పెంచిన మూలకణాలతో పుండ్లు త్వరగా మానాయి. కానీ కాలు తొలగించాల్సి రావడంలో రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. దక్షిణ కొరియాలో 59 మందిపై జరిపి 2019లో ప్రచురించిన రెండో దశ పరీక్షలో, దాతల కొవ్వు కణాలున్న హైడ్రోజెల్ పొర వాడినవారిలో 82 శాతం మందికి 12 వారాల్లో పుండు పూర్తిగా మూసుకుంది. కణాలు లేని పొర వాడినవారిలో ఇది 53 శాతం. తేడా ఆశాజనకమే. అయితే కణాలు లేకుండానే సగానికి పైగా పుండ్లు మానాయని మరవకూడదు. చచ్చిన కణజాలాన్ని తీయడం, పాదంపై భారం తగ్గించడం, ఇన్‌ఫెక్షన్‌ను అదుపు చేయడం, రక్తప్రసరణను సరిచేయడం రెండు వర్గాల్లోనూ సమానంగా జరగకపోతే, ఘనత కణాలదా సంరక్షణదా అన్నది తేలదు.

కణాలకు బదులు అవి విడుదల చేసే ఎక్సోసోమ్‌లనే సూక్ష్మ సంచులను వాడాలన్న ఆలోచనా ఉంది. నిల్వ, రవాణా సులువు కావచ్చు గానీ, వాటి మోతాదు, నాణ్యతల ప్రమాణాలు ఇంకా స్థిరపడలేదు.

కాబట్టి పుండు ఎన్ని రోజుల ముందు మూసుకుందన్న లెక్క ఒక్కటే చాలదు. ఏడాది తర్వాతా అది మూసుకునే ఉందా, కాలు దక్కిందా, అదనపు ఖర్చుకు తగ్గ ఫలం దక్కిందా అన్నవి పెద్ద పరీక్షల్లో తేలాలి. అంతవరకు ఈ చికిత్స తీసుకోదలచినవారికి తగిన చోటు అనుమతి పొందిన క్లినికల్ ట్రయలే. 2017 నాటి భారత జాతీయ మార్గదర్శకాల వైఖరీ అదే: ఆమోదం పొందని మూలకణ వినియోగం ట్రయల్ హద్దు దాటకూడదు.