పాటా, బీటా

హెవీ మెటల్ సంగీతం మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు అంతగా గిట్టదు. గిటార్లు రంపాల్లా కోస్తుంటే, గాయకుడు పాడుతున్నాడో తిడుతున్నాడో తెలియక తలుపు వేసుకుంటాం. అయినా 2024 నవంబరులో వచ్చిన 'మర్సిలెస్' అనే ఆల్బమ్‌ను తలుపు ఓరగా తీసైనా వినాలంటాను. దాన్ని చేసిన బాడీ కౌంట్ బృందానికి (శవాల లెక్క అని అర్థం లెండి) ముప్పై ఏళ్ళు దాటిన చరిత్ర ఉంది. అందులో సగం సంగీతమైతే సగం తగాదా.

1990లో లాస్ ఏంజెలెస్‌లో ఐస్-టి, గిటారిస్టు ఎర్నీ సి కలిసి దీన్ని పెట్టారు. ఇద్దరూ క్రెన్‌షా హైస్కూల్లో చదివిన నల్లజాతివాళ్ళు. అమెరికాలో రికార్డుల దుకాణంవాడి లెక్కలో అప్పటికి నల్లవాళ్ళది రాప్ అర, తెల్లకుర్రాళ్ళది మెటల్ అర. రాక్ సంగీతానికి పురుడుపోసిన చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్‌లు ఏ రంగువాళ్ళో అతగాడు మరిచిపోయాడు కాబోలు! రాప్‌లో పేరు తెచ్చుకున్న ఐస్-టి కాస్తా వెళ్ళి అవతలి అరలో కూర్చున్నాడు.

1992 మార్చిలో మొదటి ఆల్బమ్. అందులో 'కాప్ కిల్లర్' అని, పోలీసుల దాష్టీకానికి విసిగి వాళ్ళనే చంపబోయేవాడి పాట ఒకటి. ఏప్రిల్ 29న, రాడ్నీ కింగ్ అనే నల్లజాతి మనిషిని చితకబాదిన పోలీసులను జ్యూరీ దోషులనలేదు. ఆ బాదుడును 1991లోనే వీడియోలో దేశమంతా చూసింది. ఊరు తగలబడింది, యాభైమందికి పైగా చనిపోయారు. జూన్‌కల్లా కోపం పాట మీదికి మళ్ళింది. టెక్సాస్‌లో పోలీసు సంఘంవారు టైమ్ వార్నర్ కంపెనీ సరుకేదీ కొనవద్దన్నారు. అధ్యక్షుడు బుష్ మండిపడ్డాడు. జూలైలో వాటాదార్ల సభలో, 'టెన్ కమాండ్‌మెంట్స్'లో మోషే వేషం వేసిన చార్ల్‌టన్ హెస్టన్ లేచి ఆ పాటల మాటలు పైకి చదివాడు.

పాడింది నేను కాదు, పాటలోని పాత్ర అన్నాడు ఐస్-టి. కీచకుడి వేషం వేసినవాణ్ణి నాటకం అయ్యాక ఎవరూ కొట్టరు గదా! అయితే, డ్యూటీకి వెళ్ళిన కానిస్టేబులు కోసం ఎదురుచూసే ఇల్లాలు వింటే ఏమనుకుంటుందో అనిపించి నాకా పాట ఈనాటికీ నచ్చదు. కాని బీట పడ్డ గోడను వదిలేసి, బీట పడిందని అరిచినవాడి నోరు నొక్కడం అంతకన్నా నచ్చదు. కంపెనీ ఉద్యోగులను చంపుతామని బెదిరింపులొస్తే, ఆ నెలాఖరుకి ఐస్-టి తనే పాట తీయించేశాడు.

చిత్రమేమిటంటే, 2000 నుంచి టీవీలో 'లా అండ్ ఆర్డర్' సీరియల్లో పోలీసు డిటెక్టివ్ వేషం అతనిదే!

గొంతు మెత్తబడలేదు గాని చూపు విశాలమైంది. 2017లో 'నో లైవ్స్ మాటర్' అనే పాటలో, ఏ రంగువాడైనా పేదవాడి ప్రాణానికి విలువ లేదన్నాడు. 2021లో గ్రామీ వచ్చింది. ఇప్పుడు 'మర్సిలెస్'లో, పింక్ ఫ్లాయిడ్ వారి 1979 నాటి 'కంఫర్టబ్లీ నమ్' వరస తీసుకుని సొంత మాటలు కూర్చాడు. పక్కవాడికి జరిగే అన్యాయం కళ్ళబడితే ఛానెల్ మార్చేసి హాయిగా కూర్చునేవాళ్ళ మీద పాట. తమాషా ఏమిటంటే, అందులో గిటారు వాయించింది పింక్ ఫ్లాయిడ్ డేవిడ్ గిల్మోరే, అప్పటికి డెబ్భై ఎనిమిదేళ్ళ తెల్ల ఇంగ్లీషాయన. ఆ దుకాణంవాడు దీన్ని ఏ అరలో పెడతాడో మరి!