పలనాడు కుంపిణీ వశమైనది ఏ యేట?

నరసరావుపేట ముఖ్యపట్టణముగా 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడిన నాటినుండి, పేటకును గురజాలకును మాచర్లకును ఒకే గతమును అంటగట్టి, పలనాడు 1788లో గుంటూరు సర్కారుతోబాటు కుంపిణీ వశమైనదని నిస్సంకోచముగా వ్రాయువారు హెచ్చినారు. గురజాల వాసినైన నేను ఈ మాట నంగీకరింపజాలను.

గుంటూరు సర్కారు కథ వేరు. తక్కిన ఉత్తర సర్కారులు కుంపిణీకి దక్కినను, 1768 నాటి ఒడంబడికచే గుంటూరు మాత్రము నిజాము తమ్ముడైన బసాలత్ జంగు జీవించినంతకాలము ఆతని యధీనముననే నిలిచి, ఆతడు 1782లో గతించిన ఆరేండ్లకు గాని ఇంగ్లీషువారి చేతికి రాలేదు. పేట నేలిన మల్రాజు వారును, అమరావతి వాసిరెడ్డి వారును ఆ సర్కారు జమీందారులు. మన చంద్రవంక, నాగులేటి తీరములన్ననో, ఆర్కాటు నవాబును కొలిచినవి.

1799లో శ్రీరంగపట్టణము కూలినప్పుడు దొరికిన లేఖలను సాకుగా గొని, 1801 జూలైలో నవాబు ఉమ్దతుల్ ఉమరా మరణింపగనే, రాజ్యమప్పగింప నొల్లని ఆతని కుమారుని త్రోసిపుచ్చి, ఒప్పుకొన్న అజీముద్దౌలాను గద్దె నెక్కించి, ఆ నెల 31వ తేదీన కుంపిణీవారు కర్ణాటక రాజ్యమునంతను వ్రాయించుకొనిరి. నెల్లూరు, ఒంగోలు సీమలవలెనే పలనాడును ఆ సంధిచేతనే వారికి సంపూర్ణముగా సంక్రమించినది.

పదమూడేండ్ల భేదమునకు ఇంత వాదమేల యందురు. ఫిలిప్పీను ద్వీపములలో 1565లో సెబూలో దిగిన స్పెయిను సేనాని లెగాస్పీ, 1571లో మనీలాను రాజధానిగా జేసికొని, పల్లెలపై కప్పము గైకొను హక్కును తన యోధులకు పంచియిచ్చినప్పుడు, ఆ ప్రజలు తమ్ము జయించినవానిని ఎదుటనైన జూచిరి. మన పూర్వులకు ఆపాటి దర్శనమును లేదు. చెన్నపట్టణమున జరిగిన వ్రాతకోతలతో వారి యేలిక మారిపోయెను. 

అడవిలో పసువులను మేపుకొన్నందుకు పుల్లరి చెల్లింపుమని దొరతనమువారు నిర్బంధింపగా, మించాలపాడు కన్నెగంటి హనుమంతు ఎదిరించి 1922లో తుపాకిగుండ్లకు నేలగూలినాడు. ఆ అడవి దొరతనమువారి సొత్తెట్లయ్యెనని అడుగువాడు గుంటూరు సర్కారు కాగితములను వెదకిన ప్రయోజనములేదు. నవాబు వంశమువాని యొప్పుదలతో పుట్టిన 1801 నాటి పత్రమును చూడవలెను.

పేటవారియెడ నాకు ద్వేషములేదు. వారి 1788 వారిది. గురజాల, మాచర్ల, కారెంపూడి బడులలో పిల్లలకు ఊరి చరిత్ర చెప్పు ఉపాధ్యాయులు మాత్రము 1801 అని చెప్పుదురుగాక, జిల్లా చరిత్రను మరల అచ్చువేయువారు ఈ యొక్క యంకెను దిద్దుదురుగాక యని నా ప్రార్థన.