కొండరాతి ధూళి

హైదరాబాదులోని ఫిల్మ్‌నగర్ వీధులలో నేడు నడచువానికి తారల మేడలును పూలతోటలును కనబడునే గాని, వాని పునాదులక్రింద సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి గ్రానైటు శిల యున్నదన్న స్ఫురణ కలుగదు. 1960వ దశకమున జూబ్లీహిల్స్ సహకార గృహనిర్మాణ సంఘ మేర్పడునాటికి ఇది బండలును తుప్పలును నిండిన నేల. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు అన్నపూర్ణ స్టూడియోను ప్రారంభించినదియు ఈ రాళ్లగుట్టల నడుమనే.

తెలుగునాట తరతరములుగా రాతిపనికి పేరుపడినవారు వడ్డెరలు. సమ్మెటతో ఉలిని మోది, బండపై వరుసగా గుంటలు తొలిచి, వానిలో ఇనుపచీలలు దిగగొట్టి, రాతి పలుకు మారిన క్షణమున బండ చీలుచున్నదని చెవితోనే గుర్తించుట వారి విద్య. ఆ దెబ్బదెబ్బకు లేచు ధూళిలో కంటికి కానరాని సిలికా రేణువులు వాయుకోశములదాక చేరి, వాని సన్నని గోడలను మచ్చకట్టించి, ఏండ్లు గడచినపిదప మెట్టెక్కినంతనే ఆయాసమును తెప్పించును. కోతయంత్రములు వచ్చి పని వేగిరమైనది, ధూళియు హెచ్చినది.

1700లో ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని, రోగి నడుగవలసిన ప్రశ్నలలో ‘నీవు చేయు పని యేది?’ అనుదానిని చేర్చెను. రాతిధూళి తెచ్చు ఈ వ్యాధికి సిలికోసిస్ అను పేరు 1870లో గాని రాలేదు. మన దేశమున దీనిని క్షయయని పొరబడుట పరిపాటి. సిలికా సోకిన ఊపిరితిత్తులకు క్షయ సులభముగా అంటుటచే చిక్కు మరింత పెరుగును. జూబ్లీహిల్స్‌కు చేరువనున్న ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి వచ్చు కూలికిని, 1988లో ఈ కొండపైననే వెలసిన అపోలో ఆసుపత్రికి వచ్చు ధనికునికిని పరీక్షాక్రమ మొక్కటే: వీపుపై స్టెతస్కోపు పెట్టగా వెల్‌క్రో పట్టీ ఊడదీయునట్టి చరచరధ్వని వినబడునేమో, వ్రేళ్లకొనలు ఉబ్బినవేమో చూచుట, శ్వాసపరీక్ష, సి.టి. చిత్రము.

ఊపిరితిత్తులను మచ్చకట్టించు ఈ జాతి వ్యాధులు రాతిపనివారికే పరిమితములు కావు. ఇట్టి వ్యాధులను గూర్చి 2017లో వెలువడిన భారతీయ రిజిస్ట్రీలో 19 నగరములకు చెందిన 1,084 మంది రోగులను పరిశీలింపగా, దాదాపు సగముమందికి పీల్చుగాలిలోని పదార్థములు గిట్టక కలిగిన ఊపిరితిత్తుల వాపు కానవచ్చెను. వారిలోను ఇంచుమించు సగముమంది ఇండ్లలో ఎయిర్‌కూలర్లు కలవు. తడిసిన కూలరుగడ్డిపై పట్టిన బూజును, కిటికీపై వ్రాలిన పావురముల రెట్టయు మేడలోనివానిని సైతము విడువవు.

పిర్ఫెనిడోన్, నిన్‌టెడానిబ్ అను మందులు కొన్ని రకములలో మచ్చ వ్యాపించు వేగమును తగ్గించునే గాని, పడినదానిని చెరుపజాలవు. రాతిపై నీరు చల్లుచు కోయుట, ధూళికి దూరమగుట మందుకన్న ముందటి మందు. కావున నెలలు గడచినను పొడిదగ్గు మానని పాఠకుడు, వైద్యుడు అడుగకున్నను, తాను చేయు పనిని, చేసి మానిన పనిని, ఇంటిలోని కూలరును, కిటికీపై పావురములను తానే చెప్పవలెను.