పాత స్పోర్ట్సు కార్లలో రేడియేటరు ఫ్యాను

రేడియేటరు ఫ్యాను అనగా ఇంజను వేడిని మోసుకొనివచ్చు నీటిని చల్లార్చుటకు రేడియేటరు గుండా గాలిని లాగు పంకా. కారు వేగముగా పోవునపుడు ఎదురుగాలియే ఈ పని చేయును. కారు నిలిచినపుడు, రద్దీలో మెల్లగా కదలునపుడు ఆ భారము ఫ్యానుపై పడును. అతివేగము వలననే ఇంజను వేడెక్కునని పలువురు భావింతురు. కాని 1960, 1970 దశకములనాటి శక్తివంతమైన కార్లలో పెక్కు, నిలిచియున్నపుడే ఎక్కువగా వేడెక్కును.

వేడి, ఒత్తిడి

పెట్రోలు ఇంజనులో ఇంధనము మండగా వచ్చు శక్తిలో కొంత భాగమే చక్రములను త్రిప్పును. మిగిలినదానిలో అధికభాగము వేడిగా మారి, కొంత పొగగొట్టము ద్వారా, కొంత నీటి ద్వారా బయటకు పోవును. నీటి ఉష్ణోగ్రత సాధారణముగా 80 నుండి 95 డిగ్రీల సెల్సియస్ వరకు ఉండును. రేడియేటరు మూత నీటిని ఒత్తిడిలో ఉంచుట వలన మరుగు స్థానము పెరుగును. వాతావరణ పీడనము కంటే ఒత్తిడి ఒక బార్ అధికమైనచో నీరు సుమారు 120 డిగ్రీల వద్ద మరుగును.

ఫ్యానులలో రకములు

* బెల్టు ఫ్యాను: ఇంజనుతో పాటు తిరుగును. ఇంజను మందముగా తిరుగునపుడు, అనగా గాలి మిక్కిలి అవసరమైనపుడు, ఇదియు మందముగానే తిరుగును. వేగము రెట్టింపైనచో దీనికి కావలసిన శక్తి సుమారు ఎనిమిది రెట్లగును. అందుచేత అధిక వేగమున ఇది ఇంజను శక్తిని వృథా చేయును.
* విస్కస్ క్లచ్ ఫ్యాను: ఇందులో సిలికోను ద్రవము ఉండును. రేడియేటరు నుండి వచ్చు గాలి వేడెక్కినపుడు ద్విలోహపు పట్టీ వంగి ద్రవమునకు దారి తెరచును. అప్పుడు ఫ్యాను వేగము పెరుగును.
* విద్యుత్ ఫ్యాను: నీటి వేడినిబట్టి పనిచేయు స్విచ్చి దీనిని నడుపును. ఇంజను వేగముతో దీనికి నేరుగా సంబంధము లేదు.

జాగ్వార్ ఈ-టైప్ ఉదాహరణ

1961 మార్చిలో జెనీవా ప్రదర్శనలో వెలువడిన ఈ బ్రిటిషు కారులో 3.8 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను, విద్యుత్ ఫ్యాను ఉండెను. గాలిని చీల్చుకొనిపోవుటకు అనువుగా ముందుభాగపు ద్వారమును చిన్నదిగా చేసిరి. విద్యుత్తునిచ్చు డైనమో ఇంజను మందముగా తిరుగునపుడు తక్కువ కరెంటునే ఇచ్చును. 1964లో వచ్చిన 4.2 లీటర్ల నమూనాలో డైనమోకు బదులు ఆల్టర్నేటరు అమర్చబడినది. 1968 నాటి రెండవ శ్రేణిలో ముందు ద్వారమును పెద్దది చేసి, రెండు విద్యుత్ ఫ్యానులు పెట్టిరి.

లోపమును గుర్తించుట

కారు నిలిచినపుడు వేడెక్కి, కదలగానే చల్లబడినచో లోపము సాధారణముగా గాలికి సంబంధించినది. బెల్టు, ఫ్యూజు, రిలే, ఉష్ణ స్విచ్చి, ఫ్యాను చుట్టునుండు తొడుగు పరిశీలించవలెను. తొడుగు లేనిచో ఫ్యాను తన రెక్కల ఎదుటి భాగము నుండి మాత్రమే గాలిని బాగుగా లాగగలదు. శాశ్వత అయస్కాంతపు మోటారు గల ఫ్యానుకు తీగలు తారుమారుగా కలిపినచో అది వెనుకకు తిరిగి ఎదురుగాలిని అడ్డగించును.

వేగముగా పోవునపుడు వేడెక్కినచో రేడియేటరు గొట్టములు తుప్పుతో పూడుకొనుట, నీటి పంపు అరుగుట, థర్మోస్టాటు పూర్తిగా తెరుచుకొనకపోవుట వంటివి కారణములు. అట్టి స్థితిలో పెద్ద ఫ్యాను పెట్టినను ప్రయోజనముండదు.

ప్రమాదములు, జాగ్రత్తలు

అధికమైన వేడికి అల్యూమినియం సిలిండరు హెడ్డు వంగవచ్చును; గాస్కెట్టు చెడి నీరు నూనెలో కలియవచ్చును. ముల్లు ఎరుపు గీతను చేరుచున్నచో కారును ప్రక్కకు ఆపి ఇంజనును ఆపవలెను. వెంటనే ఆపుటకు వీలులేనిచో లోపలి హీటరును పూర్తిగా వేయుట కొంత ఉపశమనము కలిగించును, ఏలననగా అదియు ఒక చిన్న రేడియేటరే. నీరు పూర్తిగా కారిపోయినచో కొలమానము తక్కువ వేడిని చూపి మోసగించవచ్చును.

వేడిగానున్నపుడు మూతను ఎట్టి పరిస్థితిలోను తీయరాదు. ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి నీరు ఎగజిమ్మి ముఖము, చేతులు కాలును. వేడి ఇంజనులో చన్నీరు పోసినచో లోహము పగులవచ్చును. కొన్ని కార్లలో ఇంజను ఆపిన తరువాత కూడ విద్యుత్ ఫ్యాను తనంతట తాను తిరుగును, కనుక చేతులను దానికి దూరముగా ఉంచవలెను.