డొంకా రోడ్డే

నూజివీడు దాటి ఆగిరిపల్లి వైపు కొంత దూరం వెళ్లాక తారు రోడ్డు వదిలి డొంకలోకి దిగండి. మే నెల. పొద్దు వాలుతున్నా ఎర్రమట్టి ఇంకా కాలుతూనే ఉంది. రెండు పక్కలా మామిడి తోటలు. కాయల బరువుకి కొమ్మలు మీ భుజం దాకా వంగాయి. ఈ చెట్టు పెద్ద రసం, ఆ పక్కది కలెక్టర్.

చెట్టు మీది మనిషి చిక్కంతో కాయను తొడిమతో సహా దింపుతాడు. కింద ఒకామె అందుకుని, తొడిమ విరిచి, సొన కారిపోయేలా బోర్లిస్తుంది. సొన అంటితే తొక్కకి మచ్చ. రసం తొక్క పలచన, దెబ్బ తగిలితే అక్కడే కుళ్లుతుంది. అందుకే ఇక్కడ చేతులన్నీ పసిపిల్లను ఎత్తుకున్నట్టే కదులుతాయి.

వెనక నుంచి టీవీఎస్ ఎక్స్‌ఎల్ వస్తుంది, ముందూ వెనకా కాయల ట్రేలతో. పక్కకు జరిగితే బండివాడు తలూపి వెళ్తాడు.

తర్వాతి చప్పుడు వేరు. ముందు తోటలో కాకులు లేస్తాయి. మలుపు తిరిగి మూడు బైకులు దూసుకొస్తాయి. గళ్ల టైర్లు, మార్చిన సైలెన్సర్లు. ఒకదానికి నంబరు ప్లేటే లేదు. ముందు చక్రం గాల్లోకి లేపినవాడికి ఇంకా మీసం మొలవలేదు. నెత్తిన గంపతో వస్తున్నామె కంచెకు ఒరిగిపోయింది. బైకులు పోయాయి. దుమ్ము మాత్రం కాయల మీద, మీ నాలుక మీద మిగిలింది.

"తొలకరి పడ్డాక చూడాలి బాబూ," అంటాడు పాక ముందు మంచం మీది కాపలా తాత. "డొంకంతా గోతులు చేసేత్తారు. ట్రాక్టరు ఆ గోతిలో పడి లేచిందంటే పైకాయ కిందకాయని నలిపేత్తది. నలిగినకాయ ఎవడు కొంటాడు?"

మరి అడగరా?

"ఇదేమన్నా రోడ్డా, డొంకే గదా అంటారు."

ఆ మాట చట్టం ముందు నిలవదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం జనానికి వెళ్లే హక్కున్న ఏ చోటైనా బహిరంగ స్థలమే. తారు ఉందా, మట్టి ఉందా అని అది అడగదు. లైసెన్సు, రిజిస్ట్రేషన్, బీమా డొంకలోనూ ఉండాల్సిందే. నంబరు లేని బైకుకైనా ఇదే లెక్క. 2019 సవరణ తర్వాత చప్పుడు హద్దు మీరితే 10 వేల రూపాయల దాకా జరిమానా. మైనరు నడిపి పట్టుబడితే తండ్రికో, బండి యజమానికో 25 వేల జరిమానా, 3 ఏళ్ల దాకా జైలు. ఆ పిల్లాడికి 25 ఏళ్లొచ్చేదాకా లైసెన్సు రాదు.

విశాఖలో పోలీసులు ఇలాంటి సైలెన్సర్లను రోడ్డు రోలరుతో తొక్కించారు. ఈ డొంకలోకి రోలరు రాదు. పోనీ మొదట్లోనే అడ్డంగా రాళ్లు పాతితే? కాయల ట్రాక్టరు ఆగిపోతుంది, బైకు సందులోంచి దూరిపోతుంది.

కాబట్టి అడ్డుకట్ట పడాల్సింది డొంక మొదట్లో కాదు, ఇంటి గుమ్మంలో. అయ్యా, ఆ బండి తాళం మీ జేబులోదే. పిల్లాడు చెయ్యి చాపినప్పుడు, కంచెకు ఒరిగిన ఆ గంప ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి.