రెండు నిమిషాల విమానం

మన శంషాబాద్ రన్‌వే పొడవు 4.26 కిలోమీటర్లు. స్కాట్లాండ్‌లోని ఆర్క్‌నీ దీవుల్లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకి విమానం ఎగిరేది 2.7 కిలోమీటర్లే! టైమ్‌టేబుల్ ప్రకారం రెండు నిమిషాలు, గాలి కలిసొస్తే ఇంకా తక్కువే. రికార్డు 53 సెకన్లు. లోగన్ఎయిర్ దీన్ని 1967లో మొదలెట్టింది.

ఇదేదో టూరిస్టుల సరదా అనుకునేరు! పాపా వెస్ట్రేలో ఉండేది వంద మందిలోపే. పడవ ఉంది గానీ సముద్రం ఒప్పుకోవాలి కదా. టీచర్లకీ, డాక్టర్లకీ, పేషెంట్లకీ ఈ ఎనిమిది సీట్ల బుల్లి విమానమే దిక్కు. టికెట్ డబ్బులతో గిట్టుబాటు కాదు, అందుకే ప్రజల సొమ్ముతో నడుపుతున్నారు.

వాడేవాళ్ళు వంద మందే అయితే మనం ఫీచర్ పీకేస్తాం. దూరమంటే కిలోమీటర్లేనా? వరదల్లో పడవ కోసం ఎదురుచూసే గోదావరి లంకల వాళ్ళనడగండి, చెబుతారు.