వెల చూపడం, మాట ఇవ్వడం: 190 రూపాయల ల్యాప్‌టాప్ వెనుక 150 ఏళ్ల చట్టం

2014లో ఒడిశాలో ఒక న్యాయశాస్త్ర విద్యార్థికి అమెజాన్‌లో 23,499 రూపాయల ల్యాప్‌టాప్ 190 రూపాయలకే కనిపించింది. ఆర్డర్ పెట్టాడు. ఖరారైనట్టు సందేశం కూడా వచ్చింది. దాదాపు రెండు గంటల తర్వాత, ధర విషయంలో సమస్య ఉందని చెప్పి కంపెనీ ఆర్డర్‌ను రద్దు చేసింది. అతను జిల్లా వినియోగదారుల ఫోరానికి వెళ్లాడు. అక్కడ 12,000 రూపాయలు ఇవ్వమన్నారు. అది చాలదని రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాడు. 2021 జనవరిలో కమిషన్ ఆ మొత్తాన్ని 45,000కు పెంచింది. అందులో 30,000 మానసిక వేదనకు, 10,000 శిక్షాత్మక పరిహారంగా, 5,000 ఖర్చుల కింద.

చిన్న కేసే. కానీ ఇందులో పెద్ద ప్రశ్న ఉంది. తెర మీద కనిపించే ధర అమ్మకందారు ఇచ్చిన మాటా, లేక కేవలం పిలుపా? దీనికి జవాబు ఒక్క చట్టంలో దొరకదు. 1872 నుంచి 2020 దాకా ఒకదాని మీద ఒకటి పేరుకున్న చట్టాల్లో వెతుక్కోవాలి.

1872: బేరం ఆడే బజారు కోసం రాసిన చట్టం

భారత కాంట్రాక్టు చట్టం 1872 ప్రకారం ఒప్పందానికి రెండు మెట్లు. ఒకరు ప్రతిపాదన చేయాలి, మరొకరు దాన్ని అంగీకరించాలి. అంగీకారం అందేదాకా ఎవరైనా వెనక్కి తగ్గవచ్చు. అందిన తర్వాత తగ్గితే అది ఒప్పంద ఉల్లంఘన.

మరి దుకాణంలో ప్రతిపాదన చేసేది ఎవరు? అమ్మేవాడే అని మనకు అనిపిస్తుంది. న్యాయస్థానాలు మాత్రం కొనేవాడే అన్నాయి. హార్వీ వర్సెస్ ఫేసీ కేసులో (1893) ప్రీవీ కౌన్సిల్, ధర చెప్పినంత మాత్రాన అమ్ముతానని చెప్పినట్టు కాదని తేల్చింది. స్వతంత్ర భారతంలో సుప్రీంకోర్టు 1951లో మెక్‌ఫర్సన్ వర్సెస్ అప్పన్న కేసులో ఇదే దారి పట్టింది. కొడగులోని ఒక బంగళా యజమాని తరఫున, పది వేలకు తక్కువైతే ఒప్పుకోరని జవాబు వచ్చింది. అది ప్రతిపాదన కాదు, ప్రతిపాదించమన్న ఆహ్వానం మాత్రమే అని కోర్టు చెప్పింది.

ఆధునిక దుకాణాలకూ ఇదే సూత్రం వర్తించింది. ఇంగ్లండులో బూట్స్ మందుల దుకాణం కేసులో (1953), అరలో పెట్టిన సరుకు ఆహ్వానమే తప్ప ప్రతిపాదన కాదని, కొనేవాడు దాన్ని నగదు కౌంటరు దగ్గరికి తెచ్చినప్పుడే ప్రతిపాదన పుడుతుందని అన్నారు. ఫిషర్ వర్సెస్ బెల్ కేసులో (1961) అద్దాల కిటికీలో ధర చీటీతో పెట్టిన కత్తి విషయంలోనూ అదే మాట. ఈ తీర్పులను మన న్యాయ విద్యార్థులు ఇప్పటికీ తొలి పాఠాలుగా చదువుతారు.

ఈ సూత్రానికి ఒక న్యాయం ఉంది. సంతలో అమ్మేవాడు వంద అంటాడు, కొనేవాడు అరవై అంటాడు, ఎనభై దగ్గర బేరం తెగుతుంది. అక్కడ మొదట చెప్పిన వంద ఎవరినీ కట్టిపడేయదు. ఇద్దరికీ సమానమైన స్వేచ్ఛ ఉంది. చట్టం ఆ స్వేచ్ఛను కాపాడింది.

బేరం పోయింది, స్వేచ్ఛ ఒకవైపే మిగిలింది

ఆ తర్వాత వెల స్వభావమే మారింది. బట్టల దుకాణాల్లో 'ఒకే ధర' బోర్డులు వచ్చాయి. 1977 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనలు పొట్లం మీద వివరాలు ముద్రించాలన్నాయి. 1990లో పన్నులన్నీ కలిపిన గరిష్ఠ చిల్లర ధర పద్ధతి వచ్చింది. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఎంఆర్‌పీ పైకప్పు మాత్రమే, నేల కాదు. అంతకన్నా ఎంత తక్కువకు అమ్మినా తప్పు లేదు. అందుకే 'ఇంత తక్కువ ధర చట్టం ఒప్పదు' అనే వాదనకు ఆధారం లేదు.

ఆన్‌లైన్ దుకాణంలో కొనేవాడికి బేరమాడే నోరే లేదు. కొనడం, మానడం, రెండే దారులు. అమ్మేవాడు మాత్రం 'నేను చూపింది ఆహ్వానమే' అనే పాత సంత నాటి స్వేచ్ఛను తన దగ్గరే ఉంచుకున్నాడు. అసలు సమస్య ఇదే.

దూరం నుంచి చేసుకునే ఒప్పందాల గురించి మన న్యాయస్థానాలు ముందే ఆలోచించాయి. భగవాన్‌దాస్ కేడియా కేసులో (1966) అహ్మదాబాద్‌కూ ఖామ్‌గావ్‌కూ మధ్య టెలిఫోన్‌లో కుదిరిన పత్తిగింజల పిండి బేరం మీద తగవు వచ్చింది. అంగీకారం వినిపించిన చోటే ఒప్పందం పుడుతుందని సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు. 2008 సవరణతో సమాచార సాంకేతిక చట్టంలో 10ఏ సెక్షన్ చేరింది. ఎలక్ట్రానిక్ రూపంలో ఉందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని అది చెబుతుంది. 2010లో ట్రైమెక్స్ వర్సెస్ వేదాంత కేసులో, ఈమెయిళ్లలో ముఖ్యమైన షరతులు కుదిరితే సంతకం చేసిన పత్రం లేకపోయినా ఒప్పందం పూర్తయినట్టేనని సుప్రీంకోర్టు చెప్పింది.

అందుకే కంపెనీలు తమ షరతుల్లో ఒక వాక్యం పెట్టుకుంటాయి: ఆర్డర్ అందినట్టు పంపే సందేశం అంగీకారం కాదు, సరుకు బయలుదేరినప్పుడే ఒప్పందం. అయితే కాంట్రాక్టు చట్టం 8వ సెక్షన్‌ను కూడా చదవాలి. ప్రతిపాదనతో పాటు ఇచ్చిన ప్రతిఫలాన్ని తీసుకోవడం కూడా అంగీకారమే అవుతుందని అది అంటుంది. డబ్బు ముందే తీసుకుని, 'నేనింకా ఒప్పుకోలేదు' అనడం ఎంతవరకు నిలుస్తుంది? వినియోగదారు పక్షాన బలమైన వాదన ఇక్కడే ఉంది.

పొరపాటు నిజమైతే?

అమ్మేవాడి వైపు కూడా చూడాలి. 2014 డిసెంబరులో ధరలను తనంత తానే మార్చే ఒక సాఫ్ట్‌వేర్‌లో లోపం వచ్చి, బ్రిటన్‌లో అమెజాన్ ద్వారా అమ్మే చిన్న వ్యాపారుల సరుకులు ఒక్క పెన్నీకి కనిపించాయి. నష్టపోయింది పెద్ద కంపెనీ కాదు, ఇంట్లో సరుకు పెట్టుకుని అమ్ముకునేవాళ్లు. అలాంటి ప్రతి ఆర్డర్‌నూ తీర్చాల్సిందే అంటే వాళ్ల దుకాణం మూతపడుతుంది.

సింగపూర్‌లో ఇలాంటి కేసు మీద సమగ్రమైన తీర్పు వచ్చింది. 2003 జనవరిలో డిజిలాండ్‌మాల్ సైట్‌లో 3,854 డాలర్ల ప్రింటర్ 66 డాలర్లకు కనిపించింది. ఆరుగురు మిత్రులు కలిసి 1,606 ప్రింటర్లకు ఆర్డర్ పెట్టారు. అది పొరపాటని వాళ్లకు తెలుసని, వాళ్ల మధ్య నడిచిన సందేశాలే చెబుతున్నాయని కోర్టు గుర్తించింది. ఎదుటివాడి పొరపాటు తెలిసీ దాన్ని లాక్కోవడం కుదరదంటూ ఒప్పందం చెల్లదని తీర్పిచ్చింది. 2005లో అప్పీలు కోర్టు దాన్ని సమర్థించింది.

మన చట్టం పదాలు వేరు. 20వ సెక్షన్ ప్రకారం ముఖ్యమైన వాస్తవం విషయంలో ఇద్దరూ పొరబడితే ఒప్పందం చెల్లదు. 22వ సెక్షన్ ప్రకారం ఒక్కరే పొరబడితే, ఆ కారణంతో మాత్రమే ఒప్పందాన్ని రద్దు చేసుకోలేరు. అంటే 'మా వాళ్లు సున్నా తప్పు కొట్టారు' అన్న ఒక్క మాట కంపెనీని కాపాడదు. అయితే ఇద్దరి మనసులూ ఒకే విషయం మీద ఒకే అర్థంలో కలవాలని 13వ సెక్షన్ అంటుంది. ధర తప్పని కొనేవాడికీ తెలిసినప్పుడు ఆ కలయిక ఉందా అనే ప్రశ్న అక్కడ మిగులుతుంది.

1986: ప్రశ్నే మారింది

కాంట్రాక్టు చట్టం 'ఒప్పందం పుట్టిందా' అని అడుగుతుంది. వినియోగదారుల చట్టం 'వ్యాపారి న్యాయంగా నడుచుకున్నాడా' అని అడుగుతుంది. ఈ మార్పు ఒక్కరోజులో రాలేదు. 1969 నాటి ఎంఆర్‌టీపీ చట్టంలో 1984 సవరణ ద్వారా అనుచిత వ్యాపార పద్ధతులు చేరాయి. 1985లో ఐక్యరాజ్యసమితి మార్గదర్శకాలు వచ్చాయి. 1986 డిసెంబరు 24న వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. ఆ రోజునే జాతీయ వినియోగదారుల దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

ధర పొరపాటు కేసుల్లో ఈ మార్పు ఫలితం స్పష్టంగా కనిపిస్తుంది. 2015లో స్నాప్‌డీల్‌లో ఐఫోన్ 68 రూపాయలకు కనిపిస్తే పంజాబ్ విద్యార్థి ఒకరు ఆర్డర్ పెట్టారు. ఫోన్ ఆ ధరకే ఇవ్వాలని సంగ్రూర్ వినియోగదారుల ఫోరం ఆదేశించింది. ఒడిశాలో ఇచ్చింది పరిహారం. అయితే ఆఫర్‌ను ప్రకటించి, వచ్చిన ఆర్డర్‌ను ఖరారు చేశాక ఇద్దరి మధ్య ఒప్పందం పూర్తయినట్టేనని అక్కడి కమిషన్ అభిప్రాయపడింది. రెండు దారులు వేరైనా సందేశం ఒకటే: పొరపాటు ఖర్చును మొత్తంగా కొనేవాడి మీద తోసేయడం కుదరదు.

2019, 2020: ఇప్పుడున్న రక్షణలు

2020 జులైలో అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం 2019, అదే నెలలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు కలిసి ఇచ్చే రక్షణలివి:

• సహేతుక కారణం లేకుండా ఒకవైపే రద్దు చేసుకునే హక్కు ఇచ్చే షరతు 'అన్యాయమైన ఒప్పందం' కిందికి వస్తుంది (సెక్షన్ 2(46)). దీన్ని విచారించే అధికారం జిల్లా కమిషన్‌కు లేదు, రాష్ట్ర కమిషన్ నుంచి పైవాటికే ఉంది.
• కంపెనీ తానుగా ఆర్డర్ రద్దు చేసినప్పుడు అలాంటి రుసుమునే తానూ భరించకపోతే, కొనేవాడు రద్దు చేస్తే రుసుము వేయకూడదు (నిబంధన 4(8)).
• కొనేవాడు తాను ఉండే చోటే ఫిర్యాదు చేయవచ్చు. సరుకు విలువ 5 లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు. గడువు రెండేళ్లు. ముందుగా 1915 హెల్ప్‌లైన్‌కు చెప్పుకోవచ్చు.
• ఒకటి చూపి మరొకటి అంటగట్టే ఎర పద్ధతిని 2023 నాటి డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు నిషేధించాయి.

ఖాళీ కూడా ఉంది. ధర పొరపాటు అనే మాట ఈ నిబంధనల్లో ఎక్కడా నేరుగా లేదు. ఏది నిజమైన పొరపాటు, ఎన్ని గంటల్లో చెప్పాలి, డబ్బు కట్టాక రద్దు చేస్తే ఏమివ్వాలి అనేవి ఒక్కో కమిషన్ ఒక్కోలా తేలుస్తోంది.

ముందుకు దారి

గీత గీయాల్సింది రెండు చోట్ల. మొదటిది, పొరపాటు ఎవరికైనా కనిపించేదేనా? 23,000 వస్తువు 190కి కనిపిస్తే అనుమానించవచ్చు. 20,000 వస్తువు 14,000కు కనిపిస్తే, అందులోనూ పండగ అమ్మకాల రోజున, అది పొరపాటని ఎవరనుకుంటారు? భారీ తగ్గింపులతో జనాన్ని పిలిచే వ్యాపారమే, తగ్గింపును నమ్మినందుకు కొనేవాడిని తప్పుపట్టలేదు. రెండోది, డబ్బు తీసుకున్నారా? తీసుకోకముందు సరిదిద్దితే క్షమాపణ చాలు. తీసుకున్నాక రద్దు చేస్తే వెంటనే వాపసుతో పాటు ముందే నిర్ణయించిన పరిహారం ఉండాలి. అప్పుడు చిన్న వ్యాపారి మునిగిపోడు, కొనేవాడు ఏళ్ల తరబడి తిరగనక్కర్లేదు.

ముగింపు

ఒడిశా విద్యార్థికి 45,000 వచ్చేసరికి దాదాపు ఆరేళ్లు గడిచాయి. ల్యాప్‌టాప్ అతనికి అవసరమైంది ఆ వారంలో, చదువుకు సంబంధించిన ప్రాజెక్టు కోసం. హక్కు ఉండటం వేరు, అది సమయానికి చేతికందడం వేరు. సంతలో బేరం ఆడే ఇద్దరి కోసం రాసిన సూత్రం, ఒకరికే నోరున్న చోట న్యాయం చేయలేదు. బేరమాడే అవకాశం తీసేసిన అమ్మకందారు, తాను చూపిన వెలకు ఆ మేరకైనా బాధ్యత వహించాలి.

సాధన ప్రశ్న: 'ఈ-కామర్స్ యుగంలో ఒప్పంద స్వేచ్ఛకు, వినియోగదారు రక్షణకు మధ్య సమతూకం కుదర్చడంలో భారత చట్టాలు ఎంతవరకు సఫలమయ్యాయి? ఉదాహరణలతో చర్చించండి.' (250 పదాలు, 15 మార్కులు)